బెండు పక్కన మీటరు

పోయిన ఆదివారం పూజ ముగిసి అందరూ చర్చి మెట్లు దిగుతున్నప్పుడు చిక్కుళ్లు పండించే ఓర్లిందా నోట వచ్చిన మాట, గురువారం నాటికి కొంగల కాలువ మొదటి పొలం నుంచి చివరి పొలం దాకా పాకింది. ఈ కాలువలో నీళ్ల కంటే మాట ముందు చేరడం మామూలే.

అసలు సంగతి ఇది. రెండేళ్ల కిందట కాలువను పూడ్చి, నీళ్లను భూమి కింద పైపులోకి మళ్లించారు. ఎవరికి ఎన్ని పోతున్నాయో తెలియాలని ఈ వసంతంలో పదకొండు పొలాల పైపులకూ పదకొండు మీటర్లు బిగించారు. మొదటి నెల అంకెలు కాగితం మీద వేసి చర్చి హాలు గోడకు అంటించారు. పది పొలాలు తమ వాటా మేరకే వాడుకున్నాయి. పదకొండో పొలం వాటా నిమిషానికి మూడువందల గ్యాలన్లయితే, మీటరు చూపింది మూడువందల యాభై రెండు. ఆ పొలం దెల్ఫీనో ఆర్చులేటాది. నలభై ఏళ్లుగా ఈ కాలువకు నీరటి ఆయనే. ఎవరికి ఏ రోజు, ఎంతసేపు, ఎన్ని నీళ్లని పంచిపెట్టే మనిషే తన పొలానికి ఎక్కువ మళ్లించుకుంటున్నాడని ఆ కాగితం చెబుతోంది.

"మా ఆయన ఒక్క ఏడు కాలువ పూడిక తియ్యడానికి పార పట్టుకుని రాలేదని మా వాటాలో సగం కోసేసిన ధర్మాత్ముడు ఈయనే కదూ," అని ఓర్లిందా మెట్ల మీద అందరూ వినేలా అడిగింది. దెల్ఫీనో టోపీ సర్దుకుని, ఒక్క మాటైనా అనకుండా వెళ్లి బండెక్కాడు. ఆ మౌనమే ఆయన కొంప ముంచింది. శనివారం మధ్యాహ్నం సభ పెట్టారు. ఆయన్ని నీరటిగా ఉంచాలో తీసెయ్యాలో చేతులెత్తి తేల్చేస్తారు.

మీటర్లు పదకొండూ బిగించింది ఆయన కోడలు ఎల్విరా. కిందటివారం మనం ఆమెను ఆ కాగితం ముందు వదిలేశాం. తన చేతిపని తప్పంటే బాగుంటుందా, మామగారి నిజాయితీ తప్పంటే బాగుంటుందా అని తేల్చుకోలేక, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తరువాత మూడు రోజులు ఆగింది. మామగారే ఫోన్ చేసి ఏదో ఒకటి చెబుతారని చూసింది. ఆయన చెయ్యలేదు. మొగుడు గిల్బర్ట్ బంగాళదుంపల లారీ వేసుకుని టెక్సస్ పోయాడు. ఫోన్లో చెబితే, "నాన్న నీళ్లు దొంగిలించడమేంటి? ఆయన వాన నీళ్లు పట్టుకోడానికే మొహమాటపడతాడు," అని నవ్వేశాడు. నవ్వడానికి బాగానే ఉంది గానీ, శనివారం చేతులెత్తేవాళ్లకు అది చాలదు. గురువారం పొద్దున పది గంటలకు ఎల్విరా తన వ్యాను మామగారి వాకిట్లో ఆపింది. వెనక సీటులో చేతిమీటరు పెట్టె ఉంది.

అది ఎక్కడైనా పైపుకు కట్టి చూసుకుని, పని కాగానే విప్పుకుపోయే రకం. మామగారి నీళ్లను దానితో కొలవాల్సి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఎందుకంటే ఆమెకీ పని అబ్బడానికి కారణమే ఆయన. దుంపలు కడిగే షెడ్డులో పైపుల పని చేస్తున్న కోడల్ని, మీటర్ల చదువు చదవమని పోరిందీ, రెండు శీతాకాలాలు మంచులో నలభై మైళ్లు బండి నడిపి ఆలమోసా పట్నంలో క్లాసులకు దింపిందీ ఆయనే. క్లాసు అయ్యేదాకా బండిలోనే దుప్పటి కప్పుకుని కూచునేవాడు. బయటికొచ్చిన కోడలితో, "ఇవాళ ఏం చెప్పారో నాకూ చెప్పు, పెట్రోలు నాది," అనేవాడు.

దెల్ఫీనో వరండాలో తన కుర్చీలోనే ఉన్నాడు. డెబ్బై మూడేళ్లు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది తనకు ఇష్టమైన మాటలకే పనిచేస్తుంది. వినపడనివాళ్లందరిలాగే, ఎదుటివాళ్లకూ వినపడదేమోనని గట్టిగా మాట్లాడతాడు. కుర్చీకి ఎదురుగా గోడ మీద, కంటి ఎత్తున, మీటరు తాలూకు అంకెల పెట్టె ఉంది. సెన్సార్లు నలభై అడుగుల దూరంలో గుంటలో పైపుకు కట్టి ఉంటాయి, తీగ మాత్రం ఇక్కడిదాకా వస్తుంది. మోకాళ్ల నొప్పుల మనిషి గుంటలోకి దిగే పని లేకుండా, కాఫీ తాగుతూ చూసుకుంటాడని ఎల్విరా అలా అమర్చింది. పెట్టె మీద ఆకుపచ్చ అంకెలు మూడువందల యాభై రెండు అంటున్నాయి.

ఆయన లోపలికి వెళ్లి కాఫీ తెచ్చాడు. సోంపు బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అత్తగారు పోయి నాలుగేళ్లయినా, ఆవిడ చేసినట్టే, ఆవిడ డబ్బాలోనే, ఆవిడ కంటే కాస్త గట్టిగా చేస్తాడు. కాఫీలో ముంచకపోతే పళ్లకు ప్రమాదం. ఎల్విరా ఒకటి ముంచుకుని, మాట ఎలా ఎత్తాలా అని చూస్తోంది. కొడుకు లారీ ఎక్కడిదాకా పోయిందో అడిగాడాయన. టైర్లు మార్పించాడా అని అడిగాడు. తరువాత, ఏమీ పట్టనట్టు, ఓర్లిందా చిక్కుళ్లు ఎలా ఉన్నాయని అడిగాడు.

"మిమ్మల్ని చర్చి మెట్ల మీద కడిగేసిన మనిషి చిక్కుళ్లు మీకెందుకు మామయ్యా?"

"చిక్కుళ్లేం చేశాయి పాపం. ఊట బాగానే వస్తోందిట కదా?"

వస్తూనే ఉందని ఎల్విరా చెప్పింది. ఓర్లిందా పొలం కింది మూలన రాళ్ల మధ్య నుంచి వచ్చే ఆ ఊట గురించి తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. మొగుడు ఒనేసిమో పోయిన మరుసటి వసంతంలో, రైతుల పునీతుడు ఇసిద్రో పండగ వారంలోనే అది పుట్టింది. ఓర్లిందా అక్కడ ఆ పునీతుడి కొయ్యబొమ్మ నిలబెట్టింది. ఏటా మే నెలలో ఊరంతా పాటలు పాడుకుంటూ అక్కడికే ఊరేగింపుగా పోతుంది, ఫాదర్ వచ్చి నీళ్లను దీవిస్తాడు. కాలువకు నీళ్లు ఆపేసిన రోజుల్లో ఊట కూడా ఆగిపోవడం నలుగురూ గమనించారు. అడిగితే, "పునీతుడికి మాత్రం సెలవు వద్దా?" అనేది ఓర్లిందా. ఆవిడతో వాదించడం కంటే పాట అందుకోవడమే సుఖం.

కాఫీ అయిపోయింది. ఎల్విరా కప్పు కింద పెట్టి, గోడ మీది అంకెలు చూపించి, అవి నిజమేనా అని సూటిగా అడిగేసింది.

"నువ్వు పెట్టిన మీటరు, తల్లీ. అబద్ధమెందుకు చెబుతుంది?" అన్నాడాయన.

ఎల్విరా అనుమానంగా ఆయన్ని చూసింది. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టి పద్నాలుగేళ్లయింది. పొద్దు తూర్పున పొడుస్తుందన్నా, "నిన్న కాస్త ఈశాన్యంగా పొడిచింది," అనే మనిషి ఈయన. మీటర్లు పెడదామన్న మాట మొదట వచ్చిన రోజు, అరచెయ్యి పైపు మీద పెట్టి, "నీ పెట్టె కంటే నా చెయ్యి సీనియరు," అని గంటసేపు వాదించాడు. అలాంటివాడు తన పరువు తీస్తున్న మీటరుతో ఇంత సుళువుగా ఒప్పుకుంటున్నాడంటే, తప్పు ఎక్కడో ఉంది. అది ఎక్కడో ఈయనకు తెలుసు కూడా.

ఎల్విరా కుర్చీలోంచి లేచింది. వరండా దిగి, తీగ పోయిన దారి వెంట నడిచి, గుంట మూత ఎత్తి లోపలికి దిగింది. పైపుకు రెండు పక్కలా సెన్సార్లు పట్టీలతో బిగువుగా ఉన్నాయి. గ్రీజు ఎండలేదు. ఏ స్క్రూ వదులు కాలేదు. పని చూడముచ్చటగా ఉంది. తల తిప్పి చూస్తే, రెండున్నర అడుగుల దూరంలో, మట్టిలోంచి బయటికొస్తూ, పైపు మోచెయ్యిలా వంగి బెండు తిరిగి ఉంది.

ఎల్విరా ఆ బెండునే చూస్తూ గుంటలో కూచుండిపోయింది.

మలుపు తిరిగి వచ్చిన నీళ్లు వెంటనే కుదురుగా పోవు. ఒక పక్క తోసుకుంటాయి, ఒక పక్క వెనకబడతాయి. అవి సర్దుకోవాలంటే పైపు ఎంత వెడల్పుందో దానికి పదింతల దూరం తిన్నగా నడవాలి. ఈ ఎనిమిదంగుళాల పైపుకు అది దగ్గర దగ్గర ఏడడుగులు. ఈ లెక్క ఎల్విరా నిద్రలో లేపినా చెబుతుంది. మిగిలిన పది పొలాల్లో రైతులు బతిమాలినా వినకుండా, టేపు పెట్టి కొలిచి, తిన్నటి చోటే చూసి కట్టింది. ఈ ఒక్క చోట మాత్రం తీగ యాభై అడుగులే వచ్చింది. ఆ తీగను తెంపి అతికించకూడదు. పొడుగు తీగకు రాస్తే మూడు వారాలన్నారు. వరండాకు అందే చోటు ఇదొక్కటే. ఇప్పటికి ఇలా కట్టేసి, పొడుగు తీగ వచ్చాక మార్చేద్దామనుకుంది. తరువాత పది పొలాల హడావుడిలో ఆ సంగతే మరిచిపోయింది. మామయ్య మోకాళ్ల మీది ప్రేమతో మామయ్యను దొంగను చేసి గోడకు అంటించింది.

ఆమె పైకి ఎక్కేసరికి దెల్ఫీనో కర్ర ఊతంగా గుంట దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. కోడలి మొహం చూసి, ఇక దాచి లాభం లేదనుకున్నాడు కాబోలు, పక్కకు తిరిగి కొండల వైపు చూడసాగాడు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?" అంది ఎల్విరా. ఎడమ చెవి వైపు నిలబడి అంది.

"మొదటి రోజే. చెయ్యి పెట్టి చూశాగా. ఆ పెట్టె చెప్పినన్ని నీళ్లు పైపులో లేవు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పి? పదకొండు మీటర్లు పెట్టావు. ఒకటి తప్పంటే, రేప్పొద్దున మిగతా పదీ తప్పేనంటారు. ఆడపిల్లకు పైపుల పనేంటని మొదట్లో ఎవరెవరు గొణిగారో నాకు తెలీదా? నాకు డెబ్బై మూడు. నీరటి పని పోతే మధ్యాహ్నం ఇంకో గంట పడుకుంటా. నీకు ముందు బోలెడు పని ఉంది."

ఎల్విరాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమూ వచ్చింది. ఈ ముసలాయన నలభై ఏళ్లు ఏ పేరును అంత జాగ్రత్తగా కాపాడుకున్నాడో, దాన్ని తన కోసం సోంపు బిస్కెట్టంత తేలిగ్గా ఇచ్చేద్దామనుకున్నాడు. ఆ ప్రేమ ఆమె మోయగలిగింది కాదు. శనివారం సభలో లేచి నిలబడి, తప్పు నాది, బెండు పక్కన కట్టాను అని అందరి ముందూ చెబుతానంది. తప్పు చేసి దిద్దుకున్న మనిషి మీటర్లను నమ్ముతారు గానీ, తప్పు దాచిన మనిషి మీటర్లను ఎవరు నమ్ముతారంది. ముందు నిజం అంకె ఎంతో తేలాలి కాబట్టి, తిన్నటి పైపు మీద చేతిమీటరు కట్టి ఇప్పుడే చూద్దామంది.

"ఇంకెక్కడుంది తిన్నటి పైపు," అన్నాడాయన తొందరగా. "రోడ్డు దగ్గర వాల్వు, దాని వెంటనే ఈ బెండు. వదిలెయ్."

"కొట్టం వెనక వాగు మీద ఉందిగా. ఇరవై అడుగులు."

"అక్కడ పాములుంటాయి."

"ఈ లోయలో పాములుండవని, చలికి చచ్చిపోతాయని నా పెళ్లికి ముందు మా నాన్నకు చెప్పింది మీరే."

ఆయన ఇంకో రెండు కారణాలు చెప్పాడు. రెండోది మొదటిదానికి అడ్డం వచ్చింది. ఎల్విరా వ్యానులోంచి పెట్టె తీసుకుని కొట్టం వెనక్కి నడిచింది. అప్పుడు గుర్తొచ్చిందామెకు, ఏప్రిల్లో మీటరు పెట్టడానికి వచ్చిన రోజు ఆమె మొదట ఎంచుకున్నది ఆ వాగు మీది చోటే. మంచి తిన్నటి ఇనప పైపు, మట్టి తవ్వే పని కూడా లేదు. సరిగ్గా ఆ రోజే మామగారి మోకాళ్లు ఎన్నడూ లేనంతగా నొప్పి చేశాయి. కర్ర ఆనించుకుని, మెట్టు మెట్టుకూ మూలుగుతూ, అంతదూరం వచ్చి అంకెలు చూసుకునే ఓపిక తనకు లేదన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, ఆ ఓపిక లేని మనిషే ఆమె వెనక బాగానే అంగలు వేసుకుంటూ వస్తున్నాడు.

"మామయ్యా, ఏప్రిల్లో మీ మోకాళ్ల నొప్పి నిజమేనా?"

ఆయన ఆగాడు. అబద్ధం ఆడలేని మనిషికి అబద్ధమాడాల్సి వస్తే పడే అవస్థంతా ఆయన మొహంలో కనిపించింది. "సగం నిజం," అన్నాడు చివరికి.

కొట్టం వెనక పైపు మట్టిలోంచి పైకి తేలి, ఎండిన చిన్న వాగును తిన్నగా దాటి, మళ్లీ మట్టిలోకి దూరుతుంది. ఆ పక్కనే చేదుచెర్రీ పొదల వరస. పొదలకు అవతల ఓర్లిందా చిక్కుడు చేను. అక్కడ ఎవరో పారతో బోదె సాపు చేస్తున్న చప్పుడు వస్తోంది, చకచకమని, మధ్యమధ్య ఊపిరికి ఆగుతూ. ఎల్విరా ఆ చప్పుడు విన్నది గానీ, పట్టించుకునే స్థితిలో లేదు. దెల్ఫీనోకు అది వినపడలేదు.

ఆమె పైపు మీది తుప్పు గీకి, గుడ్డతో తుడిచి, సెన్సార్లకు గ్రీజు పూసింది. పైపుకు రెండు పక్కలా, పెట్టె చెప్పినంత ఎడం ఇచ్చి, పట్టీలు బిగించింది. పైన కడితే గాలి బుడగలు మోసం చేస్తాయి, పక్కలకు కడితే చెయ్యవు. ఇవన్నీ ఆలోచించకుండానే చేతులు చేసుకుపోతున్నాయి. మనసులో మాత్రం ఒక్క అంకె కోసమే ప్రార్థన చేస్తోంది. మూడువందలు. మూడువందలు చూపిస్తే చాలు, శనివారం సభలో మామయ్య తల ఎత్తించి తన తల దించుకోవచ్చు.

పెట్టె కాసేపు తడుముకుని అంకె చూపించింది. రెండువందల ముప్ఫై ఆరు.

ఎల్విరా మొదట నవ్వేసింది. ఎక్కువ కాదు సరికదా, మామయ్య తన వాటా కంటే తక్కువ వాడుకుంటున్నాడు. ఓర్లిందా నోరు మూయించడానికి ఇంతకంటే ఏం కావాలి. నవ్వుతూనే పట్టీలు విప్పి, ఒక అడుగు అవతల మళ్లీ కట్టింది. రెండువందల ముప్ఫై అయిదు. నవ్వు ఆగింది. బెండు మోసం చేస్తుంది, నిజమే. ఒక యాభై గ్యాలన్లు అటూ ఇటూ చేసి, మూడువందలను మూడువందల యాభై చూపించగలదు. వంద పైచిలుకు మోసం ఏ బెండూ చెయ్యదు. అంటే ఆ గుంట దగ్గర నిజంగా మూడువందలే ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి అరవై పైచిలుకు లేవు. మధ్యలో ఉన్నది ఈ కొట్టం, దాని చుట్టూ పొడి మట్టి. ఎక్కడా చెమ్మ కూడా లేదు.

ఆమె తల ఎత్తేసరికి దెల్ఫీనో ఒక పాత బకెట్ బోర్లించుకుని దాని మీద కూచున్నాడు. ఒక అరచెయ్యి పైపు మీద ఉంది, అలవాటుగా. మనిషి అలిసిపోయి కనిపించాడు.

"అరవై నాలుగు తక్కువ," అన్నాడాయన పెట్టె మీది అంకె చూసి. "నా చెయ్యి అరవై అంది. నీ పెట్టె నాకంటే బాగానే చూస్తోంది."

"ఎక్కడికి పోతున్నాయి మామయ్యా?"

ఆయన చెప్పాడు. చెవిటివాడి గొంతుతో, గట్టిగా చెప్పాడు. పంతొమ్మిదేళ్ల కిందటి వసంతంలో, కాలువ పూడిక తీసే రోజు, ఒనేసిమో రాలేదు. వాటాకొక పార రావాలి, రాకపోతే సగం వాటా పోతుంది. తాతల నాటి నుంచీ ఉన్న కట్టుబాటు అది. నీరటి అందరి ముందూ పేర్లు పిలుస్తాడు. మూడుసార్లు పిలిచినా ఒనేసిమో పలకలేదు. దెల్ఫీనో వాటా కొట్టేశాడు. ఒనేసిమో ఆ వేళ ఆలమోసా ఆస్పత్రిలో ఉన్నాడని సాయంత్రానికి గానీ తెలియలేదు. ఆస్పత్రి సంగతి కబురు చేసి మినహాయింపు అడగడం ఓర్లిందాకు నామోషీ. కొట్టేసిన మాట వెనక్కి తీసుకోవడం నీరటికి లేదు. సభ అయితే తిరిగి ఇవ్వొచ్చు. దెల్ఫీనో రెండేళ్లు వరసగా సభలో అడిగాడు. ఆ సగం వాటా అప్పటికే పంచుకున్నవాళ్ల చేతులు లేవలేదు. మొదటి ఏడు ఆకులు రాలే వేళకే ఒనేసిమో పోయాడు.

"ఆ మర్సటేడు పండగ ఆదివారం, అందరూ ఊరేగింపులో ఉండగా, పాత ఇనప గొట్టం వేశాను. మా పొలంలో అప్పటికే పైపు ఉంది, కొట్టం కింద దానికి కలిపి, ఆవిడ చేను మూల దాకా. నా వాటాలోంచే. ఎవరి చుక్కా ముట్టుకోలేదు."

ఎల్విరాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక, పద్నాలుగేళ్లుగా ఆ ఊట ముందు తాను పాడిన పాటలన్నీ గుర్తొచ్చాయి. ఫాదర్ దీవెనలు గుర్తొచ్చాయి. ప్రతి మే నెలలోనూ ఊరేగింపు చివర, టోపీ చేతిలో పట్టుకుని, మిగతావాళ్ల కంటే భక్తిగా తల దించుకుని నిలబడే మామగారు గుర్తొచ్చాడు. ఆయన అక్కడ తలొంచుకున్నది భక్తితోనే కాదని ఇప్పుడు తెలిసింది.

"అయితే పునీత ఇసిద్రో మీరేనన్నమాట," అంది. నవ్వాలో ఏడవాలో ఆమెకే తెలియలేదు.

"తప్పు, అలా అనకు," అన్నాడాయన కంగారుగా. "నీళ్లు నావి. పుణ్యం ఆయనదే."

ఇప్పుడు ఆమెకు అసలు చిక్కు కనిపించింది. బెండు సంగతి సభలో చెబితే మీటరు చోటు మార్చాలి. మార్చడానికి తిన్నటి చోటు ఇదొక్కటే. ఇక్కడ పెడితే, మూడువందల వాటాదారుడి పైపులో అరవై నాలుగు ఎటుపోయాయని నెల తిరిగేలోగా అడుగుతారు. సభకు చెప్పకుండా తన వాటా నీళ్లు ఇంకొకరి చేనుకు ఇవ్వడం, దొంగిలించడంతో సమానమైన తప్పు ఈ కాలువ మీద. ఆ తప్పుకు మనుషుల్ని సభలో నిలబెట్టిన నీరటి ఈయనే. బెండు గురించి నోరు మూసుకుంటే మామయ్య దొంగ. నోరు విప్పితే ఊట ఆగిపోతుంది.

"నన్ను దొంగననుకోనీ," అన్నాడు దెల్ఫీనో, ఆమె మనసులో మాట విన్నట్టే. "ఓర్లిందాకు మాత్రం తెలియకూడదు. నేనిచ్చానని తెలిస్తే ఆ నీళ్లతో ఒక్క చిక్కుడు గింజ కూడా పండించదు, ఎండబెట్టుకుంటుంది. పునీతుడిచ్చాడంటే పుచ్చుకుంది. ఎవరిస్తే ఏం, చేను పచ్చగా ఉంది. నేనంటే ఆవిడకున్న కోపం న్యాయమే. దాన్ని అలాగే ఉండనీ, తల్లీ."

ఎల్విరా ఆయన ముందు మోకాళ్ల మీద కూచుని, పైపు మీది చేతిని తన గ్రీజు చేతుల్తో పట్టుకుంది. ఈయన్ని ఎంత ప్రేమిస్తోందో ఆమె ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచింది. అంతలో ఏదో లోటుగా తోచి ఆగింది.

పార చప్పుడు లేదు. ఎంతసేపటి నుంచి లేదో ఆమెకు తెలియదు. పొదల అవతల గాలి తప్ప ఏమీ వినపడడం లేదు. దెల్ఫీనో గొంతు ఎంత దూరం పోతుందో ఈ కాలువ మీద అందరికీ తెలుసు. నలభై ఏళ్లుగా ఆయన పేర్లు పిలిస్తే అవతలి ఒడ్డుకు వినపడేది. పొదల అవతలి ఓర్లిందాకు వినపడకుండా ఎలా ఉంటుంది?

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడాయన.

ఎల్విరా వేలు పెదాల మీద పెట్టుకుంది. పార చప్పుడు మళ్లీ మొదలైంది. ఈసారి బోదె దగ్గర కాదు. చేను కింది మూల నుంచి, కొయ్యబొమ్మ నిలబెట్టిన రాళ్ల దగ్గర నుంచి వస్తోంది. సాపు చేసే చప్పుడు కాదది. రాళ్లు పక్కకు దొర్లుతున్నాయి. తవ్వుతున్న మనిషి ఊపిరికి కూడా ఆగడం లేదు.

తరువాత ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు, ఒక్కటే, గట్టిగా.

దెల్ఫీనో చెవికి అది అందలేదు. కానీ దెబ్బ ఆయన పాతిన గొట్టం వెంట నడిచి, కొట్టం కింద నుంచి వచ్చి, పైపు మీదున్న ఆయన అరచేతికి తగిలింది. ఆయన మొహంలో రంగు మారింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.